చక్రములమీఁది యిల్లు

గడచిన వేసవి సెలవులకు ముందు మా తొమ్మిదవ తరగతి విద్యార్థులు గోడపత్రిక కొఱకు చిత్రములు సేకరించుచుండిరి. అందొకఁడు తెచ్చిన చిత్రమున మోటారుబండి వెనుకఁ దగిలింపఁబడిన తెల్లని యిల్లొకటి కొండదారిని పోవుచుండెను. దానికి కిటికీలు, తెరలు, తలుపు, తలుపు క్రింద నొక మెట్టు కలవు. తరగతి యంతయు దానిచుట్టు మూఁగినది. “ఎంత భాగ్యవంతులో!” యని కొంద ఱనిరి. మానుకోట ప్రాంతపు తండానుండి వచ్చి మా వసతిగృహమునఁ జదువుకొనుచున్న బాలుఁ డొకఁడు మాత్రము కొంతసేపు ఊరకుండి, “అయ్యగారూ, మా ముత్తాతలును ఇల్లు వెంటఁబెట్టుకొని తిరిగినవారే. వారిని దేశదిమ్మరు లనిరి. వీరిని భాగ్యవంతు లనుచున్నారు. భేద మేమి?” అని యడిగెను.

మే మప్పుడు తగిన యుత్తరము చెప్పలేకపోతిమి. ఇంతలో గంట మ్రోగుటచేఁ దప్పించుకొంటిమి. ఈ వ్యాసము ఆ బాలునికి మేము బాకీపడిన యుత్తరము. అయితే భేద మేమో చెప్పుటకు ముందు, అట్టి యిల్లెట్టిదో, దాని నెట్లు ఎన్నుకొందురో, అందెట్లు కాపురముందురో తెలిసికొనుట యవసరము. సంగతి తెలియక తీర్పు చెప్పుట ఉపాధ్యాయునకుఁ దగదు గదా.

ఇట్టి యింటిని ఆంగ్లేయులు కారవాననియు, అమెరికావారు ట్రావెల్ ట్రెయిలరనియు పిలుతురు. ఇంజనుతోఁ గూడి తానే నడచు బండి వేఱు. ఇది తనంతఁ దాను కదలలేదు. ఒకటిగాని రెండుగాని యిరుసులపై నిలిచి, ముందునకుఁ జాఁచిన యినుప నొగచేత లాగుడుబండికిఁ దగిలింపఁబడును. విడిది చేరిన పిదప ఇంటి నచ్చట నిలిపి, లాగుడుబండిని మాత్రము తీసికొని బజారునకో వైద్యశాలకో పోవచ్చును. ఇదియే దీని ముఖ్యసౌకర్యము. సెలవులలోఁ బదిదినములు గడపుటకై కొనువారు పలువురు; ఏఁడాది పొడవునను అందే కాపురముండువారు కొందఱు. మేము చెప్పఁబూనినది ఈ రెండవ తెగవారినిగూర్చియే.

దీని చరిత్రము వినఁదగినది. పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలము నుండి ఇంగ్లండునందు జిప్సీలని పిలువఁబడు రోమాని జనులు గుఱ్ఱములు లాగు కొయ్యయిండ్లలోఁ గాపురము చేయుచుండిరి. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అను నౌకాదళపు వైద్యుఁడు అట్టి బండినిఁ జూచి ముచ్చటపడి, బ్రిస్టలు నగరపు బండ్ల కార్ఖానాలో తనకొక యిల్లు కట్టించుకొని, దానికి ‘వాండరర్’ అనఁగా సంచారి యని పేరిడి, రెండు గుఱ్ఱములచే లాగించుచు స్కాట్లండు వఱకుఁ బయనించెను. సేవకుఁ డొకఁడు మూఁడుచక్రముల సైకిలుపై ముందుగాఁ బోవుచు దారి చూచుచుండెను. వినోదమునకై కట్టఁబడిన కారవానులలో నిదియే మొదటిదని చెప్పుదురు. ఆ దశాబ్దముననే జార్జి స్మిత్ అను సంస్కర్త, తిరుగుడు బండ్లనన్నిటిని నమోదుచేసి తనిఖీ చేయవలెనని పార్లమెంటులో బిల్లు పెట్టించెను. అది పలుమార్లు వచ్చియు శాసనము కాలేదు. ఒకే దేశము, ఒకే కాలము, ఇంచుమించుగా నొకే విధమగు బండి. అయినను వైద్యుని బండికి ఆదరము, జిప్సీ బండికి అనుమానము. మా బాలుని ప్రశ్న మన దేశమునకే చెందినది కాదని దీనివలనఁ దెలియుచున్నది.

1919లో బర్మింగుహాము నగరమున ఎకిల్స్ కంపెనీవారు మోటారుబండి లాగఁదగిన కారవానులను చేయ నారంభించిరి. అమెరికాలో వాలీ బయమ్ అనునతఁడు 1936లో ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ అను అల్యూమినియపు ట్రెయిలరును వెలయించెను. అందు నలుగురు నిద్రింపవచ్చును. నీటితొట్టియు విద్యుద్దీపములును దానియందే యుండెను. మన దేశమున నీ వాడుక ఇటీవలిది. కేరళ ప్రభుత్వము 2021లో యాత్రికులకై కారవానుల పథకము నొకదానిని ప్రారంభించినది.

అయినను, బండిలో నివసించు విద్య మనకుఁ గ్రొత్తది కాదు. పూర్వము మా ఓరుగంటి ప్రాంతమున గూడుకట్టిన యెడ్లబండిని కచ్చురమనుచుండిరి. స్త్రీలును పిల్లలును జాతరలకుఁ బోవునప్పుడు అందే వండుకొను సామగ్రితో, పఱపులతో, రెండు మూఁడు రాత్రులు గడపుచుండిరి. అంతకంటె గొప్ప యుదాహరణము లంబాడీలది. పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకుఁ బలుమార్లు వచ్చిన తావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుఁడు, పది పండ్రెండు వేల యెద్దులు ఒక్క బిడారుగా ధాన్యమును, బియ్యమును, ఉప్పును మోయుచుఁ బోవుట చూచి యాశ్చర్యపడి వ్రాసినాఁడు. ఆ వర్తకులు ఇండ్లలో నుండక, భార్యాబిడ్డలతోఁ గూడ గుడారములలోనే కాపురముండిరనియు, ఇఱుకుదారిలో వారి బిడారు ఎదురైనచో బండ్లవారు రెండు మూఁడు దినములు ఆగవలసి వచ్చెడిదనియు నతఁడు తెలిపెను. వారే మన లంబాడీల పూర్వులని పండితులు తలఁతురు. తండా యను మాట నేఁడు ఊరికిఁ బేరయినది. ఒకప్పుడది నడచెడి బిడారునకుఁ బేరు. వారి పెద్దకు నాయకుఁడని పేరు. సరకు మోయు వృత్తికి లదేని యని పేరు. రాత్రి విడిదియందు గోనెలను గోడవలెఁ బేర్చి, వాని లోపల మనుష్యులు నిద్రింప, కుక్కలు కావలి కాయుచుండెడివి. సరకే యిల్లు, యిల్లే సరకు.

ఇఁక ఎన్నిక సంగతి. చక్రములమీఁది యింటిని కొనఁదలఁచువాఁడు పఱపు మెత్తదనమును, తెరల రంగును మొదటఁ జూడరాదు. అయిదు సంగతులు చూడవలయును.

మొదటిది బరువు. ఇల్లు నచ్చినదని కొని, పిమ్మట దానిని లాగఁగల బండికై వెదకుట, గాడి కట్టి తరువాత నెద్దులను వెదకుటవంటిది. ఏ మోటారుబండి ఎంత బరువు లాగఁగలదో దానిని చేసినవారు వ్రాసియుంతురు. ఖాళీ యింటి బరువునుగాక, నీరు, గ్యాసు, పాత్రలు, బట్టలు, పుస్తకములు నింపిన పిదపఁ గలుగు బరువును లెక్కింపవలయును. మఱియు బరువెంత యనుటయేకాక ఎక్కడ నున్నదనుటయు ముఖ్యము. అమెరికాలో మొత్తము బరువున నూటికిఁ బది మొదలు పదునైదు వంతులు నొగపైఁ బడునట్లు సర్దుదురు. అనఁగా 1000 కిలోగ్రాముల యింటికి 100 మొదలు 150 కిలోగ్రాములు. ఐరోపాలో నింతకంటెఁ దక్కువ పాలు చాలునందురు. వెనుకభాగమున బరువు హెచ్చినచో, వేగముగాఁ బోవునప్పుడు ఇల్లు పాము తోఁకవలె అటునిటు ఊఁగి, లాగుడుబండినిఁ గూడఁ ద్రోవ తప్పించును. మన యెడ్లబండి తోలువాఁ డీ శాస్త్రమును పుస్తకమున నేర్వలేదు. వెనుక బరువు హెచ్చిన కాడి పైకి లేచి ఎద్దుల మెడలకు ఉరి యగుననియు, ముందు బరువు హెచ్చిన మెడలు కాయలు గాచుననియు నతఁడెఱుఁగును. బస్తాలు సర్దునప్పుడు నొగను చేతితో నెత్తి చూచెడి యా రైతే యీ విషయమున మంచి గురువు.

రెండవది నీరు. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము తూఁగును. నూఱు లీటర్ల తొట్టి యనఁగా నూఱు కిలోగ్రాముల బరువు. ఒక పెద్ద మనుష్యుని కంటె నెక్కువ. నలుగురు కుటుంబమువారు తలకు దినమునకు ఇరువది లీటర్లతో సరిపెట్టుకొన్నను ఎనుబది లీటర్లు కావలెను. నూఱు లీటర్ల తొట్టి రెండవనాఁడు ఉదయమునకే ఖాళీ యగును. ఇంటియందు కొళాయి త్రిప్పునప్పుడు మనకుఁ దోఁచని సంగతి యిది. అంతేకాక, వచ్చిన నీరెంతో పోవు నీరును అంతే. స్నానముచేసిన నీటికొక తొట్టి, పాయిఖానాకు వేఱొక తొట్టి యుండును. వానిని తగినచోటఁ గొనిపోయి ఖాళీ చేయుట ఇంటివాని పని. చెఱువుగట్టునఁ గ్రుమ్మరించువాఁడు ఆ యింటిలో నుండఁ దగినవాఁడు కాఁడు.

మూఁడవది దీపము, పొయ్యి. విద్యార్థు లీ లెక్కను తామే చేసి చూడవలెను. 12 వోల్టుల బ్యాటరీ 100 ఆంపియరు గంటలది యయినచో, అందు 1200 వాట్టు గంటల శక్తి యుండును. సీసపు బ్యాటరీ చెడకుండవలెనన్న అందు సగమే వాడవలెను, మిగిలినది 600. ముప్పది వాట్టుల పంకా పదిగంటలు తిరిగిన 300. పది వాట్టుల దీపములు రెండు అయిదు గంటలు వెలిగిన 100. ఇంతవఱకు సుఖమే. కాని వేయి వాట్టుల శీతలయంత్రము పెట్టినచో ఆ 600 ముప్పదియాఱు నిమిషములలో హరించిపోవును. కప్పుపై సూర్యశక్తి పలకలుంచి పగటివేళ బ్యాటరీ నింపుకొందురు. ముసురు పట్టిన దినములలో పొదుపే గతి. వంట గ్యాసు గాలికంటె బరువైనది. కాఱినచో నేలఁ బట్టి నిలుచును. అందుచేత ఇట్టి యిండ్ల నేలయందు రంధ్రము లుంచెదరు. చలి యనియో పురుగనియో వానిని గుడ్డతోఁ గ్రుక్కువాఁడు ప్రాణమునకే మోసము తెచ్చుకొనును. మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టరాదు. దానినుండి పుట్టు కార్బను మోనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే చంపును.

నాల్గవది ఎండయు వానయు. మట్టిగోడ యిల్లు పగటి వేఁడిని మెల్లగాఁ బీల్చి లోపలివారిని కాచును. పలుచని రేకు గోడలకు ఆ గుణము లేదు. వరంగల్లు వేసవి యెండలో, నీడలేని మైదానమున నిలిపిన కారవాను పొయ్యిమీఁది పెనమువలెఁ గాలును. కాఁబట్టి గోడల నడుమ వేఁడి నాఁపు పొర యెంత మందమో అడుగవలెను. నిలుపునప్పుడు చింతచెట్టునో మఱ్ఱిచెట్టునో వెదకవలెను. పాత యింటిని కొనునప్పుడు కిటికీల మూలలను, కప్పు అతుకులను వ్రేలితో నొక్కి చూడవలెను. మెత్తగా లోపలికిఁ బోయినను, ముక్కవాసన కొట్టినను, వాననీరు దిగి లోపలి కొయ్య కుళ్లినదని యెఱుఁగవలెను. టైర్లు చూపునకు క్రొత్తవిగానే యుండి వయసుచేఁ బగుళ్లు తీయవచ్చును. టైరు ప్రక్కను నాలుగంకెలు ముద్రింపఁబడి యుండును. 2319 అని యున్న, 2019వ సంవత్సరమున 23వ వారమునఁ జేయఁబడినదని యర్థము.

ఈ నాలుగును ధనముచేతను, జాగ్రత్తచేతను సాధింపవచ్చును. కాపురము నిలుచుటకు మఱికొంత యోర్పు కావలెను. ఇరువదడుగుల యింటిలో అలిగి వెళ్లుటకు వేఱొక గది లేదు. వాడని వస్తువు మూలఁ బడియుండుటకుఁ జోటు లేదు. ఒక క్రొత్త పాత్ర వచ్చిన ఒక పాతది పోవలెను. పుస్తకములు ప్రేమించువారికి ఇది కష్టము. మా యింట నున్న పుస్తకములను మేమొకమాఱు తూఁచి చూచి, ఇట్టి యింటిలో మాకుఁ జోటు లేదని గ్రహించితిమి. జబ్బు చేసినప్పుడు ఎఱిఁగిన వైద్యుఁడు, ఉత్తరము వచ్చుటకు విలాసము, ఓటునకు ఊరు, పిల్లలకు బడి: ఇవన్నియు కదలని యింటివానికి అడుగకయే లభించుచున్నవి, కదలెడివాఁడు ఒక్కొక్కదానిని వెదకి సంపాదించుకొనవలెను.

అయిదవ సంగతి యొకటి మిగిలినది. అది నిలుచు చోటు. ఇది అన్నిటికంటెఁ బెద్దదని మేము పుస్తకములవలనఁగాక అనుభవమువలన నేర్చితిమి.

మూఁడేండ్ల క్రిందట మేము ముప్పదియాఱుగురు విద్యార్థులతో పాలంపేట రామప్పగుడిని జూడఁబోతిమి. తిరిగి వచ్చునప్పుడు మా బస్సు చెడి, చీఁకటి పడువేళ నడిదారిలో నిలిచిపోయెను. మరమ్మతు తెల్లవాఱిన పిదపఁగాని కాదని తేలినది. ఆ రాత్రి బస్సే మాకు ఇల్లయ్యెను. వెంటనున్న నూఱు లీటర్ల నీరు తొమ్మిదిగంటలకే యయిపోయినది. చిన్నవాండ్రు కొందఱు ఏడ్వసాగిరి. సమీపపు పొలమునుండి లాంతరుతో ఒక రైతు వచ్చి, “ఎవరు మీరు?” అని యడిగెను. మేము మా పాఠశాల పేరు చెప్పితిమి. అతని మాట వెంటనే మెత్తఁబడినది. తన కల్లమును చూపి, బస్సును దానిప్రక్కకుఁ ద్రోయించి, బావి మోటారు వేసి నీరిచ్చి, పెద్దవారికి మంచములు వేయించెను. మఱునాఁడు మేము కృతజ్ఞత చెప్పి వచ్చితిమి. అతని మేలు మఱవరానిది. అయితే, మేము చెప్పిన పేరు పాఠశాల పేరు కాక ఏ సంచారజాతి పేరైనచో ఆ మాట యట్లే మెత్తఁబడియుండునా యను తలంపు ఆనాఁడు మాకుఁ గలుగలేదు. ఆ బాలుని ప్రశ్న విన్న తరువాతనే కలిగినది.

పెద్దల దినమున ఆ బాలుని తాతగారు పాఠశాలకు వచ్చినప్పుడు మే మాయనను కూర్చుండఁబెట్టి యడిగితిమి. తన తాతవలన విన్న సంగతు లాయన చెప్పెను. బిడారు ఊరు చేరకముందే నాయకుఁడు ముందుగాఁ బోయి, ఊరిపెద్దను గలిసికొని, ఏ బీడున దిగవచ్చునో, ఏ కుంటలో నెద్దులకు నీరు పెట్టవచ్చునో యడిగెడివాఁడఁట. ఒప్పుకొన్నచోట దిగుట, ఒప్పుకొననిచో రాత్రి యైనను కదలుట. “ఎద్దు అలసినదా లేదా అని కాదు, ఊరు ఉండనిచ్చినదా లేదా అనియే మా నడక” అని యాయన యనెను. చక్రములమీఁది యింటికి చక్రము ప్రధానము కాదు, నిలుచు చోటు ప్రధానమను సత్యమును ఇంతకంటె స్పష్టముగాఁ జెప్పినవారిని మే మెఱుఁగము.

ఉప్పును గింజలును అవసరమైనంతకాలము ఊళ్లు వారి నాదరించినవి. మైసూరు యుద్ధములలో ఆంగ్లేయుల సేనలకు ధాన్యము తెచ్చినది వీరి బిడారులే. నిజాము రాజ్యమున 1874లో సికిందరాబాదును వాడితోఁ గలిపిన రైలుమార్గము, తరువాత తూర్పునకు సాగి, మా వరంగల్లు మీఁదుగా 1889 నాఁటికి బెజవాడ చేరెను. వేయి యెద్దుల సరకును ఒక గూడ్సుబండి ఒక్కదినమునఁ జేర్చుచుండఁగా బిడారులకుఁ బని యేది? పని పోయిన పిదప, నిన్నటివఱకు వర్తకుఁడైనవాఁడు నేఁడు ఊరిబయట అనుమానింపఁబడు అపరిచితుఁడయ్యెను.

బ్రిటిషు ఇండియాలో 1871లో నేరస్థజాతుల చట్టము పుట్టెను. దానిక్రిందఁ బ్రకటింపఁబడిన జాతిలోఁ బుట్టుటయే నేరము. పేర్లు నమోదు చేయింపవలెను; పిలిచినప్పుడు హాజరు పలుకవలెను; ఊరు కదలవలెనన్న సెలవుచీటీ కావలెను. 1911 చట్టముతో మదరాసు రాజధానికిని ఇది వ్యాపించెను. సముద్రతీరపు టుప్పును గాడిదలపై లోనాడులకు మోసిన యెఱుకలవారు దీని పాలఁబడిరి. వారికై బాపట్ల సమీపమున స్టూవర్టుపురమును సాల్వేషన్ ఆర్మీవారును, నెల్లూరు జిల్లా కావలిలో నొక సెటిల్‌మెంటును అమెరికను బాప్తిస్టు మిషనువారును నడపిరి. అచ్చట పిల్లలకుఁ జదువు, పెద్దలకుఁ బని నేర్పిన మాట నిజము. హాజరు పట్టికయు, సెలవుచీటీయు అచ్చట నుండిన మాటయు నిజము. మిషను పాఠశాలలో ఉపాధ్యాయులమైన మేము మొదటిదానిని చెప్పి రెండవదానిని దాఁచుట న్యాయము కాదు. మంచి యుద్దేశముగలవారును, కదలుటయే తప్పనెడి శాసనమునకుఁ జేయూఁత నిచ్చినారు. ఆ చట్టము 1952లో రద్దయినది. దాని వాసన మాత్రము మనుష్యుల మాటలలో నింకను పోలేదు.

ఇందులకు భిన్నమగు చిత్ర మొకటి మన తెలుగునాఁటనే కలదు. 1982లో నందమూరి తారక రామారావుగారు తెలుగుదేశము పార్టీని స్థాపించి, పాత షెవర్లే బండినొకదానిని మార్పించి చైతన్యరథమని పేరిడి, రాష్ట్రమంతటఁ దిరిగిరి. కుమారుఁడు హరికృష్ణగారు బండి నడపిరి. పలురాత్రు లందే నిద్ర. దారిప్రక్కనే స్నానము, భోజనము. 1983 జనవరి యెన్నికలలో ఆ పార్టీ గెలిచినది. ఆ బండి యెచ్చట నిలిచిన నచ్చట జనులు హారతులు పట్టిరి. ఆ బండికిఁ జోటు లేదనిన యూరు లేదు. బండిలో నివసించుటయే తక్కువతనమైనచో ఇట్లు జరుగునా?

అట్లని చక్రములమీఁది యిల్లు ఎల్లప్పుడును స్వేచ్ఛయే యనరాదు. 2008 నాఁటి ఆర్థికపతనమున అమెరికాలో ఇండ్లు కోల్పోయిన వృద్ధులు పలువురు వ్యానులలోను ట్రెయిలర్లలోను కాపురమేర్పఱచుకొని, ఋతువునుబట్టి గిడ్డంగులలోను బీటుదుంపల కోఁతలలోను కూలిచేయుచుఁ దిరిగిరి. జెస్సికా బ్రూడర్ అను పత్రికారచయిత్రి 2017లో వారినిగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. బయటికిఁ జూచిన వారి బండ్లును, సంపన్నుల విహారపు బండ్లును ఒకే త్రోవను పోవుచుండును. ఒకఁడు ఇష్టమైనప్పుడు ఇంటికిఁ దిరిగిపోవును. రెండవవానికిఁ దిరిగిపోవు ఇల్లు లేదు. కాఁబట్టి ఒక కుటుంబము బండిలో నుండుట చూచి వెంటనే అసూయపడనును రాదు, జాలిపడనును రాదు. వారు కోరి వచ్చినారా, వేఱుదారి లేక వచ్చినారా యనునదే యడుగవలసిన ప్రశ్న.

నిలుచుటకును హక్కు కావలెను. కదలుటకును హక్కు కావలెను. లంబాడీలకు మొదటిది ఆలస్యముగా లభించినది. తెలంగాణ ప్రాంతపు లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలోఁ జేర్పఁబడినది 1976 చట్టముచేతనే. 2018 పంచాయతీరాజ్ చట్టముతో పెక్కు తండాలు ప్రత్యేక గ్రామపంచాయతీలయినవి. నడచిన బిడారు పేరు నిలిచిన యూరికి వచ్చుట యొక సంగతి. ఆ యూరు తన్ను తాను పాలించుకొనుట యింకొక సంగతి. ఈ రెండవదానిని ఆ బాలుని తాతగారు గర్వముతోఁ జెప్పిరి.

ఇఁక మేము బాకీపడిన యుత్తరము. నాయనా, నీవు చూచిన తెల్లని యింటికిని మీ ముత్తాతల గుడారమునకును విద్యలో భేదము లేదు. బరువును సరిదూఁచుట, నీటిని లెక్కించుట, అనవసరమును విడిచిపెట్టుట, నిప్పును కనిపెట్టుట, నీడను వెదకుట: ఇవన్నియు మీవారు వేల యెద్దులతో, పసిబిడ్డలతో, తరతరములు చేసి చూపిరి. భేదము చూచువారి కన్నులలోనున్నది. ఊరివారు ఇచ్చిన చోటులోనున్నది. తెల్లని యింటివానికి ముందుగానే చోటు సిద్ధము. మీవారు ప్రతి సాయంకాలము అడుగవలసివచ్చెను. అడిగి నిలిచినవారు అడుగక నిలిచినవారికంటెఁ దక్కువవారు కారు. నీవు దీనిని తలయెత్తి చెప్పవచ్చును. ఆనాఁడు తరగతిలో మేము చెప్పవలసియుండెను, చెప్పనందుకు చింతిల్లుచున్నాము.

తక్కిన విద్యార్థులకును, తలిదండ్రులకును ఒక్క మనవి. కోఁతల యనంతరము మన పొలములలో గొఱ్ఱెల మందలు దిగును; దారిప్రక్క గుడారములు వెలయును; ఒకానొకప్పుడు తెల్లని కారవాను కూడ వచ్చి నిలువవచ్చును. అట్టివారిని జూచినప్పుడు “ఎవరు మీరు?” అను ప్రశ్నకు ముందు “నీళ్లున్నవా?” అని యడుగుఁడు. బావి యెక్కడ నున్నదో చూపుఁడు. వారితోఁ బిల్లలున్నచో మన బడి తలుపు తెఱచియున్నదని చెప్పుఁడు. గోడపత్రికలో ఆ బాలుఁడు తెల్లని యింటి చిత్రము ప్రక్కనే తన చేతితో గోనెలు మోయు నెద్దుల బిడారును వ్రాసి యంటించినాఁడు. రెంటిక్రిందను ఒకే పేరున్నది: ఇల్లు. దానిని చెఱుపక యుంచితిమి.